చాయ్ నీళ్ల ఆదివారాలు

మార్చి 6, గురువారం

ఈ డైరీ మోటార్ల డీలరు కొత్త సంవత్సరానికి మా ఆయన స్వామి షాపుకు ఇచ్చింది. ప్రతి నెల మొదట్లో ఒక నీళ్ల పంపు బొమ్మ ఉంది. జనవరి, ఫిబ్రవరి పేజీలు ఖాళీగానే పోయాయి.

ఇవాళ్టి నుంచి జుట్టు గురించి రాసుకుంటాను. ఏం పెట్టానో, తగ్గిందో లేదో, అంతే. వేరే సంగతులు రాయను. డిసెంబరులో జరిగినదాని గురించి అసలే రాయను. ఎనిమిదో నెలలో బిడ్డ కడుపులోనే పోయింది. ఆడపిల్ల అని నర్సు చెప్పింది. నాకు చూపించలేదు. స్వామి, అత్తమ్మ తీసుకుపోయారు. ఈ ఒక్కసారికి రాశాను, ఇక లేదు.

జుట్టు వారం నుంచి విపరీతంగా రాలుతోంది. బోరు నీళ్ల వల్లే. మెదక్‌లో మా వీధి బోర్లన్నీ ఉప్పు నీళ్లు. రేపటి నుంచి తలకు భగీరథ నల్లా నీళ్లు పట్టి పెట్టుకోవాలి.

మార్చి 7

భగీరథ నీళ్లతో పోసుకున్నాను. అంతే రాలింది. ఒక్కరోజుకు ఏం తెలుస్తుంది.

మార్చి 9, ఆదివారం

స్వామి పొద్దున్నే రామాయంపేట వెళ్లాడు, రాగి తీగ కోసమట. ఎండాకాలం మొదలైతే పొలాల్లో మోటార్లు కాలిపోతాయి, వైండింగ్ షాపులో చేతినిండా పని. ఇంట్లో ఉండకపోవడానికి ఒక కారణం దొరికింది. దొరకనీ.

కింది నుంచి షాజహాన్ బీ పిలిచింది. ఇల్లు ఆమెదే. మేం పైన, ఆమె, కొడుకు ఖయ్యూం, కోడలు అఫ్షా కింద. దిగి చూస్తే ఆమె వాడిన నీళ్లు పోయే మోరీ దగ్గర పుల్లతో పొడుస్తోంది. పుల్లకు నల్లగా వెంట్రుకల ముద్ద చుట్టుకుని ఉంది.

"సుమనా, గీ బాల్ అన్ని నీయేనా?"

"నావే ఖాలా. మా బాత్రూం నుంచి వచ్చినట్టుంది. నేను తీస్తా ఉండుండ్రి."

"మోరీది పోనీ. గింత రాలితే తల మీద ఏముంటది? జర దగ్గరికి రా." తడి చేతితోనే నా పాపిట వెడల్పు చేసి చూసింది. "చాయ్ నీళ్లు పోస్తా. మా అమ్మీ పోస్తుండె. పాలొద్దు, చక్కెరొద్దు, ఉత్త చాయ్‌పత్తి. అఫ్షాకి గూడ గిట్లనే రాలుతుంది. ఇద్దరికి ఒక్కసారే పోస్త."

డాక్టరు దగ్గరికి వెళతానని చెప్పాను. బడిలో పిల్లలకు పాఠం చెప్పినదాన్ని, తల మీద చాయ్ పోసుకోవడమేమిటి అనిపించింది. నేను మోరీ దగ్గర ఉన్నంతసేపూ అఫ్షా గది తలుపు వేసే ఉంది.

మార్చి 12

బస్టాండు వైపు చర్మ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. చిన్న వయసే. తల చూసింది, కనురెప్ప లాగి చూసింది.

"డెలివరీ ఎప్పుడైంది?"

"డిసెంబరులో."

"అయితే భయపడాల్సింది ఏమీ లేదండీ. మూడు నాలుగు నెలలకు అందరికీ ఇలాగే రాలుతుంది. మళ్లీ దానంతట అదే వస్తుంది. పాపా, బాబా?"

"పాప."

"ఎన్నో నెల?"

"నాలుగో నెల నడుస్తోంది."

"పాలిస్తున్నారు కదా?"

ఇస్తున్నానని చెప్పాను.

అయితే తలకు రాసే మందు ఇప్పుడు వద్దంది. పాలు మానాక చూద్దామంది. విటమిన్ మాత్రలు రాసింది. "పాప పడుకున్నప్పుడు మీరు కూడా ఓ కునుకు తీయండి. పనులెప్పుడూ ఉంటాయి" అంది. సరేనన్నాను.

బయట చాలామంది ఉన్నారు. అదంతా వివరించాలంటే ఆలస్యమయ్యేది. పైగా చర్మ డాక్టరుకు ఎందుకు అవన్నీ. పాలు డిసెంబరులోనే మాత్రలు ఇచ్చి ఆపేశారు. నాలుగో నెల నడుస్తోందన్నది మాత్రం అబద్ధం కాదు.

మార్చి 13

మందు లేదు కాబట్టి చాయ్ పోసుకుంటే నష్టమేముంది.

మార్చి 16, ఆదివారం

మొదటిసారి. రంజాన్ కదా, ఖయ్యూం చాయ్ హోటల్ పగలు మూత. అక్కడి పెద్ద గిన్నె ఇంటికొచ్చింది. షాజహాన్ బీ రోజా ఉపవాసంలో ఉండి కూడా పొయ్యి ముందు కూర్చుని చాయ్‌పత్తి మరిగించింది. నల్లగా, చిక్కగా. దాన్ని చల్లార్చి గుడ్డలో వడపోసింది. ముందు కుంకుడు రసంతో తల రుద్దుకుని నీళ్లు పోసుకోవాలి. ఆ తర్వాత ఈ నీళ్లు కుదుళ్ల మీద కొంచెం కొంచెం. పోసి కాసేపు పాత తువ్వాలు చుట్టుకుని కూర్చుంటే, ఆ మీద మంచి నీళ్లు.

నల్లా దగ్గర రెండు పీటలు వేసింది. ఒకదాని మీద నేను, ఒకదాని మీద అఫ్షా. కడుపుతో ఉన్నప్పుడు సాయంత్రాలు ఇద్దరం మెట్ల మీద కూర్చునేవాళ్లం. తనకంటే నేను రెండు వారాలు వెనక. తన చింతకాయలు నేను, నా ఉప్మా తను తినేవాళ్లం. డిసెంబరు తర్వాత ఇవాళే పక్కపక్కన కూర్చోవడం. ఇద్దరం తలలు వంచుకునే ఉన్నాం కాబట్టి మాట్లాడాల్సిన అవసరం రాలేదు.

ఆమె జుట్టూ నా జుట్టూ ఒకే మోరీలోకి కొట్టుకుపోయాయి.

గది తలుపు వేసే ఉంది. లోపల ఆమె పిల్లాడు జియా ఒకసారి ఏడ్వబోయాడు. అఫ్షా తలమీది తువ్వాలు పట్టుకుని లోపలికి పరుగెత్తింది. ఏడుపు ఠక్కున ఆగింది. మళ్లీ తలుపు వేసుకుని వచ్చింది.

నా కన్ను పడుతుందని కాబోలు. ఆ పిల్లాణ్ని నేనేం చేస్తాను?

మార్చి 17

తువ్వాలుకు, తలగడ గలీబుకు చాయ్ రంగు అంటింది. స్వామి పడుకుంటూ "హోటల్ల పన్నట్టుంది" అని నవ్వాడు. నేను నవ్వలేదు. అటు తిరిగి పడుకున్నాడు. నవ్వు ఎలా వస్తుందో ఈ మనిషికి.

మార్చి 19

బడి నుంచి మార్తమ్మ టీచర్ ఫోన్. ఎలా ఉన్నావంటే జుట్టు రాలుతోందని చెప్పాను. మందారాకు, మెంతులు, కరివేపాకు అని చాలాసేపు చెప్పింది. జుట్టు గురించయితే ఎవరైనా ఎంతసేపైనా మాట్లాడతారు. ఆమెకూ హాయి, నాకూ హాయి.

మార్చి 20

మెంతులు నానబెట్టి రుబ్బి పెట్టుకున్నాను. జిగట. రాలింది.

మార్చి 23, ఆదివారం

ఈసారి చాయ్‌లో నాలుగు మందారాకులు కూడా వేసి మరిగించింది. పోసేటప్పుడు అఫ్షా తల నుంచి ఒక పాయ మొత్తం చేతికి వచ్చింది. అఫ్షా చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది.

"అరే, ఏడుస్తరా పాగల్‌దానా?" అంది షాజహాన్ బీ. "జియా నవ్వుతుండు గదా ఇప్పుడు? పిల్లగాడు తల్లి మొఖం గుర్తువట్టి నవ్వుడు షురూ చేస్తే తల్లికి వెంట్రుకలు రాలుతయ్. అందరికీ గంతే. మంచిదే అది..."

అక్కడ ఆగిపోయింది. చెంబు గిన్నె అంచుకు తగిలి చప్పుడైంది. అఫ్షా తల ఎత్తలేదు. షాజహాన్ బీ నా తల మీద అవసరం లేకపోయినా ఇంకో చెంబు పోసింది.

మరి నాకెందుకు రాలుతోంది?

మార్చి 24

ఎవరి మొఖం చూసి ఎవరు నవ్వారని?

మార్చి 25

నిన్న రాసింది కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ. ఎవరు చూస్తారు.

మార్చి 30, ఆదివారం

ఉగాది. పచ్చడి చేయలేదు. స్వామి మళ్లీ రామాయంపేట. పండగ పూట ఏ షాపు తెరిచి ఉంటుందని అడగలేదు. కింద రేపటి పండగ హడావిడి, చాయ్ నీళ్లు లేవు.

మార్చి 31

రంజాన్ పండుగ. మధ్యాహ్నం అఫ్షా కొత్త చున్నీ వేసుకుని షీర్ ఖుర్మా పాయసం గిన్నె పట్టుకుని పైకి వచ్చింది. ఒక్కతే.

నాకేమైందో తెలియదు. గిన్నె అందుకోకుండానే అనేశాను. "బాబును కిందనే పెట్టి వచ్చినవా? నేను చూస్తే ఏమన్న అయితదా?"

తెల్లబోయింది. గిన్నె గట్టు మీద పెట్టింది.

"గట్ల అనుకుంటున్నవా అక్కా?"

"తలుపు ఏసుకునేది నువ్వే గదా. నేను కిందికొస్తే చాలు."

"నీకు బాధ అయితదని ఏసుకుంటున్న. వాడు ఏడిస్తే పైకి ఇనపడుతది. డిసెంబర్ల నువ్వు దవాఖాన నుంచి వచ్చిన దినం నుంచి వాణ్ణి ఏడ్వనిస్తలేను అక్కా. నోరు తెరిస్తే చాలు, పాలు పెడుతున్న. ఆకలి ఉన్నా లేకున్నా. అత్త తిడుతది, గన్ని పాలు ఏందని, కక్కుతడని. నేనేం చెప్పాలె?"

నేను కింద కూర్చుండిపోయాను. తనూ కూర్చుంది. నేనే చెప్పాను, డాక్టరమ్మ దగ్గర ఏమన్నానో. పాప అనీ, నాలుగో నెల అనీ, పాలిస్తున్నాననీ. నవ్వుతుందేమో అనుకున్నాను. జాలి పడుతుందేమోనని ఇంకా భయమేసింది.

"గట్లనే చెప్పాలె అక్కా," అంది. "నాలుగో నెలే గదా."

షీర్ ఖుర్మా చల్లారాక తిన్నాం.

ఏప్రిల్ 6, ఆదివారం

చాయ్ నీళ్లు. తలుపు తెరిచి ఉంది. పిల్లాడు మంచం మీద దిండ్ల మధ్య పడుకుని ఉన్నాడు. నేను దగ్గరికి పోలేదు. ఇక్కడి నుంచే చూశాను. ఏడ్చాడు, ఏడ్వనిచ్చారు.

జుట్టు ఎప్పటిలాగే రాలింది.

ఏప్రిల్ 11

దువ్వుకోవడం మానేశాను. ముడి వేసుకుని ఉంటున్నాను.

ఏప్రిల్ 17

అత్తమ్మ టేక్మాల్ దగ్గర ఊరి నుంచి బస్సు దిగి వచ్చింది. డిసెంబరు తర్వాత ఇదే రావడం. గుమ్మంలోనే నా ముడి విప్పి చూసి "అయ్యో బిడ్డా" అంది. సంచిలోంచి తడిగుడ్డలో చుట్టిన గుంటగలగరాకు తీసింది. వరి పొలాల చెమ్మలో మొలిచే ఆకు, నలిపితే చెయ్యి నల్లబడుతుంది.

"మన పొలం గట్టు మీదిదేనా అత్తమ్మా?" ఊరికే అడిగాను.

"గట్టెక్కడిది బిడ్డా, గట్టు తీసేసిండ్రు గద. కాలువ పొంటి తెంపుకొచ్చిన." అని, ఒక్క క్షణం నన్ను చూసి, "బియ్యం ఏరుదాం, చాట తే" అంది. బియ్యంలో రాళ్లేమీ లేవు.

ఏప్రిల్ 20, ఆదివారం

ఇవాళ్టిది సరిగ్గా రాయాలి.

అత్తమ్మ కింద షాజహాన్ బీ దగ్గర చాయ్ నీళ్లు అడిగి తెచ్చుకుంది. అందులో గుంటగలగరాకు రసం కలిపింది. మా బాత్రూం ముందు పీట వేసి నన్ను కూర్చోబెట్టింది. కుంకుడుకాయతో రుద్దింది. ఆమె చేతులు గరుకు. కానీ తల మీద అవి ఎంత మెల్లగా తిరుగుతాయో ఇంతకు ముందు నాకు తెలియదు. చెవుల వెనక, మెడ మీద, చిన్నపిల్లకు పోసినట్టు, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టి, కళ్లలో పడకుండా.

ఆ చెయ్యి నుదుటికి అడ్డం పెట్టినప్పుడే నోట్లోంచి వచ్చేసింది.

"అత్తమ్మా, మీరు చూసిండ్రు గదా?"

చెయ్యి ఆగింది. ఏమిటని అడగలేదు.

"చూసిన."

"ఎట్లుండె?"

నీళ్లు నా మెడ మీది నుంచి కారిపోతున్నాయి. నేను తల వంచుకునే ఉన్నాను. ఆమె నా వెనక ఉంది.

"నేనే నీళ్లు పోసిన బిడ్డా. దవాఖానల ఆయమ్మ గుడ్డల చుట్టి చేతుల పెట్టింది. గట్లనే పెట్టొద్దంటి. మన బాయికాడికి తీస్కపోయినం. స్వామి బకెట్ నీళ్లు తోడిండు. తోడి, చేయి ముంచి చూసిండు. సల్లగున్నయ్ అమ్మా అన్నడు. గీ చలిల గీ నీళ్లు ఎట్ల పోస్తవ్ అన్నడు. పుల్లలు ఏరుకొచ్చి మూడు రాళ్లు పెట్టి కాగబెట్టిండు. పచ్చి పుల్లలు, అంటుకోవు. ఊది ఊది, కండ్లల్ల నీళ్లు. పొగకేనని నేనేమనలే. నులివెచ్చగ అయినంక పోసిన."

స్వామి. హోటల్లో పడుకున్నట్టుందని నవ్విన స్వామి.

"జుట్టు ఉండెనా అత్తమ్మా?"

"మస్తుగుండె. మెడ మీది దాంక. నీళ్లు పోస్తే నా ఏళ్లకు చుట్టుకున్నది. తుడిచి, పాపిట తీసిన. నీకు చూపియ్యాల్నని నాకుండె బిడ్డా. అందరు వద్దన్నరు. చూస్తె మరువదు అన్నరు. నేను గూడ నోరు మూసుకున్న."

చూడకపోతే మరిచిపోతానని ఎవరు చెప్పారు వాళ్లకు?

"ఏడ పెట్టిండ్రు?"

తిరిగి చూశాను. కొంగుతో మొఖం తుడుచుకుంటోంది.

"స్వామినడుగు," అంది.

చాయ్ నీళ్లు పోయనేలేదు. గిన్నె అక్కడే చల్లారింది.

ఏప్రిల్ 21

స్వామి ఇంటికొచ్చేదాకా ఆగలేకపోయాను. పొద్దున పదకొండుకే షాపుకు వెళ్లాను. కిందటి సంవత్సరం తర్వాత అటు పోవడం ఇదే. నేల మీద వరసగా కాలిన మోటార్లు, ఒక్కోదాని మీద సుద్దముక్కతో ఊరి పేరు. వార్నిష్ వాసన. స్వామి ఒళ్లో మోటారు పెట్టుకుని తీగ చుడుతున్నాడు. నన్ను చూసి లేచాడు.

"ఏమైంది? అమ్మకు మంచిగుందా?"

"పాపను ఏడ పెట్టినవ్?"

చేతిలో తీగ జారి విడిపోయింది. "ఇంటికి పోదాం పా."

"గిక్కడ్నే చెప్పు."

కూర్చున్నాడు. తీగను మళ్లీ చుట్టడం మొదలుపెట్టాడు. చుడుతూనే చెప్పాడు, నా మొఖం చూడకుండా.

"మన రెండు మడుల నడుమ గట్టుండె గదా. గా గట్టు పక్కకు పెట్టిన. నాగలి రాదు, ట్రాక్టర్ రాదు, గట్టు జోలికి ఎవ్వరు పోరు అనుకున్న. గుర్తుకు రాయి గూడ పెట్టిన." తీగ తెగింది. "కౌలుకు చేసేది ఎల్లయ్య. ఆయనకు చెప్పలే. ఎట్ల చెప్పాలె? యాసంగి వరి నాటుకు ముందు ట్రాక్టర్ మంచిగ తిరుగుతదని గట్టు తీసి రెండు మడులు ఒక్కటి చేసిండు. దున్నిండు. నీళ్లు పెట్టిండు. నాటేసిండు. నేను పోయేసరికి పొలమంత నీళ్లే సుమనా, పచ్చగ నాటు. ఏడని చూడాలె?"

"ఎప్పుడు పోయినవ్?"

"పోతనే ఉన్న."

"రామాయంపేట అంటివి."

తల ఊపాడు. అప్పుడే ఒకాయన మోటారు నెత్తిన పెట్టుకుని షాపులోకి వచ్చాడు. "స్వామీ, జల్ది జెయ్యాలె, పొలం ఎండుతుంది" అన్నాడు. స్వామి లేచి మోటారు దించుకుని, సుద్దముక్క తీసుకుని, ఊరి పేరేమిటని అడిగాడు. గొంతు మామూలుగానే ఉంది. ఆ గొంతు వినే నేను ఇన్ని నెలలుగా ఈయనకేమీ లేదని అనుకుంటూ వచ్చాను.

నడిచి ఇంటికొచ్చాను. ఎండ.

ఏప్రిల్ 22

రాయడానికేమీ లేదు.

ఏప్రిల్ 24

రాయడానికేమీ లేదు. అత్తమ్మ ఊరికి పోయింది. పోయేముందు నా తలకు నూనె పెట్టింది. నేను వద్దనలేదు.

ఏప్రిల్ 27, ఆదివారం

షాజహాన్ బీ రెండుసార్లు పిలిచింది. తలనొప్పి అన్నాను. చాయ్ గిన్నె పైకి పంపింది. అలాగే పారబోశాను.

మే 1

కోతలైపోయాయట. స్వామికి చెప్పాను, నన్ను తీసుకుపొమ్మని. "పోయి ఏం చేస్తవ్? ఏమున్నదాడ?" అన్నాడు. "నువ్వు ఏం చేస్తున్నవో అదే చేస్త" అన్నాను. ఆదివారం అన్నాడు.

మే 4, ఆదివారం

బండి మీద వెళ్లాం. మధ్యలో ఒకచోట ఆపి, నా చున్నీ తల మీదికి సరిగ్గా లాగి చుట్టాడు. ఎండ కోసం.

పొలం కోసేశారు. కొయ్యకాళ్లు మిగిలాయి. నేల నెర్రెలు బారింది. ఎంత వెడల్పు ఉందో. గట్టు ఉన్నప్పుడు చిన్నగా కనబడేది. ఒకవైపు బావి, ఒకవైపు కాలువ, నడుమ అంతా ఒక్కటే నేల.

స్వామి బావి దగ్గర నిలబడి కాసేపు చూశాడు. తర్వాత నడిచాడు. "గీడ" అన్నాడు. నిలబడ్డాడు. మళ్లీ బావి వైపు చూసి పక్కకు జరిగాడు. "కాదు, గీడ." ఇంకా ముందుకు పోయాడు. కరెంటు స్తంభాన్ని చూశాడు, చెట్టును చూశాడు, కిందికి చూశాడు. కాలితో మట్టి పెళ్ల కదిలించబోయి, కాలు వెనక్కి తీసుకున్నాడు. చెప్పులు విడిచేశాడు. ఆ కొయ్యకాళ్ల మీద ఉత్తకాళ్లతో అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"చాలు స్వామీ," అన్నాను.

"ఉండు, దొరుకుతది. రాయి తెల్లగుండె."

"చాలు."

అక్కడే కూలబడ్డాడు. డిసెంబరు నుంచి ఇప్పటిదాకా నా ముందు ఏడ్వని మనిషి. నేను పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేశాను. నాకు ఏడుపు రాలేదు. ఆయన వీపు అంత వేడిగా ఉండడం, చొక్కాకు రాగి పొట్టు అంటుకుని ఉండడం, అవే కనబడుతున్నాయి.

అత్తమ్మ నీళ్లు పట్టుకుని వచ్చింది. ఆమె వెనక ఎల్లయ్య. ఆయనకు అత్తమ్మే చెప్పినట్టుంది. తల మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని దూరంగా నిలబడ్డాడు. ముసలాయన.

"నాకు చెప్పకపోతిరి బిడ్డా," అన్నాడు. "గింత మాట చెప్తే గట్టుకు చెయ్యి వెట్టకపోదును. గిప్పుడు ఏం జెయ్యమంటవో చెప్పు. గా ముక్క వరకు ఇడిచిపెడుత, దున్నను."

ఏ ముక్క? మేం ముగ్గురం ఒకరి మొఖాలొకరం చూసుకున్నాం.

మే 5

స్వామి అరికాళ్లకు పసుపు, నూనె పెట్టాను. పెట్టించుకున్నాడు.

మే 18, ఆదివారం

కిందికి వెళ్లాను. నేను మాట్లాడకపోయినా షాజహాన్ బీ పీట వేసింది. నీళ్లు పోసింది. "ఎండకు వాడిపోయినవ్ బేటీ" అంది, అంతే. అఫ్షా లోపల జియాకు పాలిస్తూ పిలిచి, నా తడి తల మీద తన కొత్త తువ్వాలు వేసింది. చాయ్ మరక పడుతుందన్నాను. పడనీ అంది.

జూన్ 2

బడి నుంచి కబురు. పన్నెండున తెరుస్తారు, వస్తావా అని. వస్తానన్నాను. అన్నాక భయమేసింది. పిల్లలు అడుగుతారు. పోయినేడు నా కడుపు చూసి పుట్టబోయే బిడ్డకు పేర్లు రాసిచ్చిన పిల్లలు.

జూన్ 13

ఒక్కరూ అడగలేదు. ఎవరో ముందే చెప్పి ఉంచారు. అడిగితేనే బాగుండేది.

జూన్ 22, ఆదివారం

వాన. వరండాలోనే పోసింది. రాలడం తగ్గింది.

జూన్ 29, ఆదివారం

తల ఆరబెట్టుకుంటుంటే షాజహాన్ బీ నా గడ్డం పట్టి మొఖం వెలుతురు వైపు తిప్పింది.

"అఫ్షా! ఇటు రా, చూడు చూడు! కొత్త బాల్! నుదురు మీద, చెంపల మీద. గడ్డి మొలిచినట్టు మొలిచినయ్." తన చెయ్యి తనే ముద్దు పెట్టుకుంది. "నా చాయ్ గది! డాక్టర్లు ఏం చేస్తరు?"

అఫ్షాకు కూడా వచ్చాయి, అచ్చు అలాగే, నిక్కబొడుచుకుని. ఆమె జియాను చంకన వేసుకుని అద్దం తెచ్చింది. వాడు అద్దం లాక్కున్నాడు. అందరూ నవ్వారు.

"అవును ఖాలా, మీ చాయే," అన్నాను.

పైకి వచ్చి తలుపు వేసుకుని అద్దం ముందు నిలబడ్డాను. నిజమే. వేలెడంత లేవు, మెత్తగా, నల్లగా. వేలితో అణిచినా లేస్తున్నాయి. ఇన్నాళ్లూ ఈ డైరీ దీని కోసమే కదా రాసింది. సంతోషం రావాలి.

పాలు మాత్రలు ఇచ్చి ఆపారు. కడుపు దానంతట అదే దిగిపోయింది. ఒక్క జుట్టు మాత్రం, అఫ్షాకు రాలినట్టే నాకూ రాలింది. నేనూ కన్నదాన్నేనని నా ఒంటికి తెలిసి, అది చేసిన పని అదొక్కటే. ఇప్పుడు అదీ అయిపోయింది. రేపటి నుంచి నన్ను చూసి ఏ డాక్టరూ డెలివరీ ఎప్పుడైందని అడగదు.

సాయంత్రం స్వామి వచ్చి, నేను దీపం పెడుతుంటే నా నుదురు చూశాడు. చెయ్యి చాపి ఆ చిన్న వెంట్రుకలను ముట్టుకున్నాడు. ఏదో అనబోయాడు. నా మొఖం చూసి ఆగాడు.

"మల్ల ఒకసారి పోదామా?" అన్నాడు.

"దేనికి? దొరకదు గదా."

"ఎతకనీకి కాదు. ఊకె, కూసొని వద్దాం."

జూలై 6, ఆదివారం

పోయి వచ్చాం.

ఈసారి చాయ్ నీళ్లకు రానని ముందే చెప్పాను. షాజహాన్ బీ ఎక్కడికని అడగలేదు. రొట్టెలు కట్టి ఇచ్చింది.

నిన్న వాన పడి నేల మెత్తగా ఉంది. దూరం నుంచే స్వామి బండి నెమ్మది చేశాడు. పొలం నడుమ కొత్త గట్టు. బావి వైపు నుంచి కాలువ వరకు, ఎర్రమట్టితో, ఇంకా తడి ఆరలేదు. మళ్లీ రెండు మడులు. ఎల్లయ్య ఒక్కడే పారతో వేశాడట, ఎవరూ అడగకుండా. మేం వెళ్లేసరికి ఆయన లేడు. అత్తమ్మ చెప్పింది, మీరు వస్తున్నారని తెలిసి పక్కకు తప్పుకున్నాడని.

గట్టు మీద కూర్చున్నాను. తడి చీరకు అంటింది. స్వామి నిలబడే ఉన్నాడు. బావి వైపు చూశాడు, స్తంభం వైపు చూశాడు, గట్టు పొడవునా చూశాడు.

"ఇది గా జాగ కాదు సుమనా," అన్నాడు మెల్లగా. "గట్టు గింత ఇవతల లేకుండె."

"తెలుసు," అన్నాను.

కొంచెం పక్కకు జరిగాను. వచ్చి కూర్చున్నాడు.